విగ్రహం ఫోటోకి లైటు ఎలా పెట్టాలి: మట్టి బొమ్మ నుంచి గుడి గోడ దాకా

కోనసీమలోని కొత్తపేట నుంచి అడిగినా, భీమవరం నుంచి అడిగినా ప్రశ్న ఒక్కటే. “బొమ్మ ఎదురుగా చూస్తే లేచి మాట్లాడేట్టు ఉందండీ. ఫోనులో తీస్తే అప్పడంలా పడుతోంది. మంచి కెమెరా కొనమంటారా?”

కొనక్కర్లేదండీ. ఉన్న ఫోనే చాలు, లైటు చోటు మారాలి. ఈ సంగతి ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వస్తున్నాను. అంతా ఒక్కచోట రాసి ఉంటే అందరికీ పనికొస్తుందని కూర్చున్నాను. ముఖ్యంగా శిల్పుల ఇళ్ళలో ఫోటోలు తీసే పిల్లల కోసం, తరవాత గుళ్ళూ గోపురాలూ తిరిగి శిల్పాలు తీసేవాళ్ళ కోసం రాస్తున్నాను. మన డెల్టా నేలలో రాయి లేదు, ఉన్నదంతా గోదారి తెచ్చిపోసిన ఒండ్రే. అయినా కొత్తపేట షెడ్లలో తయారైన విగ్రహాలు ఎక్కడెక్కడి సెంటర్లకో వెళ్ళి నిలబడుతున్నాయి. కొనేవాళ్ళు దూరాన ఉంటారు, వాళ్ళకి కనిపించేది వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఒక్కటే. నెల రోజుల చేతిపని ఆ ఒక్క ఫోటోలో వెలవెలబోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కావలసినవి

లైటు ఒక్కటి చాలు. 12 నుంచి 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ బల్బు, దానికి పొడుగాటి వైరుతో హోల్డరు. చార్జింగ్ ఎమర్జెన్సీ లైటు ఉంటే ఇంకా మంచిది, కరెంటు పోయినా పని ఆగదు. కొత్తగా కొంటుంటే పెట్టె మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేక అంతకన్నా ఎక్కువ అని ఉన్నది తీసుకోండి. రంగులు నిజానికి దగ్గరగా వస్తాయి. హేలోజెన్ లైటు జోలికి పోవద్దు. ఆ వేడికి మట్టి బీటలిస్తుంది, మైనం మెత్తబడుతుంది.

తెల్ల తర్మాకోల్ షీట్లు రెండు. నల్ల గుడ్డ, బూడిద రంగు దుప్పటి ఒక్కోటి. ట్రేసింగ్ పేపరు గానీ, ఉతికిన పల్చటి తెల్ల పంచె గానీ. ఫోను కదలకుండా నిలబెట్టే స్టాండు, అది లేకపోతే ఎత్తైన స్టూలు మీద ఇసక పోసిన సంచి. మెత్తటి కుంచె. అన్నిటికన్నా ముఖ్యంగా, లైటు పట్టుకుని చెప్పినట్టు కదిపే మనిషి ఒకరు. ఇంట్లో పదేళ్ళ పిల్లాడైనా సరే, ఓపికుంటే చాలు.

మట్టి పని జరిగే షెడ్డులో నేల ఎప్పుడూ తడిగా ఉంటుంది. కాళ్ళకి చెప్పులు వేసుకోండి. అతుకులున్న వైరు వాడొద్దు. బల్బు చోటు మార్చేముందు స్విచ్చి ఆపండి.

చేసేముందు ఒక్క ముక్క

కోనసీమలోని ర్యాలి గుడికి వెళ్ళినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడి జగన్మోహినీ కేశవస్వామి మూర్తి ఒకే నల్లరాయి, ముందువైపు కేశవుడు, వెనకవైపు మోహిని. అర్చకులు దగ్గరుండి వెలుగు పట్టి ఒక్కొక్క వివరమూ చూపిస్తారు. వెలుగు తిన్నగా ఎదురుగా ఉన్నప్పుడు మనకి కనిపించేది నిగనిగలాడే నలుపే. చెయ్యి కాస్త పక్కకి జరిగిందా, గోళ్ళు, కొప్పు చుట్టిన తీరు, ఒక్కొక్కటే రాతిలోంచి పైకి తేలతాయి. ఆ చేతిని గుర్తుపెట్టుకోండి. ఎదురు వెలుగులో రంగు తెలుస్తుంది, పక్క వెలుగులో పని తెలుస్తుంది. ఫోను ఫ్లాష్ ఉండేది కెమెరా పక్కనే, అంటే ఎప్పుడూ ఎదురు వెలుగే. అప్పడం అక్కడే తయారవుతోంది.

ఇక పనిలోకి దిగుదాం.

1. బొమ్మను సిద్ధం చేయండి. కుంచెతో దుమ్ము దులపండి. పక్క వెలుగులో చిన్న ఇసక రేణువు కూడా మొటిమలా కనిపిస్తుంది. అచ్చు అతుకు గీతలు, వేలిముద్రలు, సాలీడు పోగులు, అన్నీ ముందే చూసుకోండి. పాత రాతి శిల్పాన్ని మాత్రం తడపొద్దు, తుడవొద్దు. నిగనిగలాడాలని నూనె రాయడం ఎంతమాత్రం కూడదు. బస్టు (తల నుంచి ఛాతీ దాకా ఉండే బొమ్మ) సైజైతే దాని ముక్కు మీ ఛాతీ ఎత్తుకి వచ్చేలా దిమ్మె మీద పెట్టండి. వెనక గోడకి కనీసం 5, 6 అడుగుల ఎడం ఉండాలి. గోడకి ఆనించి పెడితే బొమ్మ నీడ గోడ మీద పడి రెండో బొమ్మలా నిలబడుతుంది.

2. మిగతా వెలుగులన్నీ ఆపండి. ట్యూబులైటు ఆర్పండి, కిటికీ మూయండి, వాకిలికి దుప్పటి కట్టండి. ఒక పక్క ట్యూబులైటు, ఒక పక్క ఎండ, పైన బల్బు ఉంటే ఒకే ముఖంలో మూడు రంగులొస్తాయి, తరవాత ఏ యాప్‌తోనూ సరికావు. షెడ్డు పైన నీలం టార్పాలిన్ ఉంటే పగలు తీయకండి. తెల్ల ప్లాస్టర్ బొమ్మ నీలి మందులో ముంచి తీసినట్టు వస్తుంది. పొద్దుపోయాక తీసుకుంటే ఈ బాధలేవీ ఉండవు.

3. వెనక గుడ్డ కట్టండి. లేత రంగు బొమ్మకి బూడిద రంగు గానీ నలుపు గానీ, నల్లరాతికీ కంచుకీ బూడిద రంగు. నల్ల నూలు గుడ్డ మీద వెలుగు పడితే మాసిన బూడిద రంగులోకి తిరుగుతుంది. వెల్వెట్ దొరికితే ఆ గొడవ లేదు. గుడ్డలో మడతలుంటే ఇస్త్రీ చేయండి, బొమ్మ కండువా మడతలతో అవి పోటీ పడతాయి. పూల కర్టెన్లూ, ఎర్ర శాటిన్ గుడ్డలూ వద్దు.

4. ఫోను స్థానం కుదర్చండి. ఎక్కువమంది బొమ్మకి రెండడుగుల దగ్గరకి వెళ్ళి తీస్తారు. ఫోను మామూలు లెన్సు బాగా వెడల్పుగా చూసేది, దగ్గరకి వెళితే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. శిల్పి కొలిచి పెట్టిన ముఖం మీరు చెడగొట్టినట్టే. 7, 8 అడుగులు వెనక్కి వెళ్ళి 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టండి. కెమెరా ఉన్నవాళ్ళు 70 నుంచి 100 ఎంఎం మధ్య వాడండి. లెన్సు బొమ్మ కళ్ళ ఎత్తులో ఉండాలి. నిలువెత్తు విగ్రహానికైతే నడుం ఎత్తు నుంచి తీయండి, లేకపోతే కాళ్ళు పొట్టిగానో తల చిన్నదిగానో వస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్, బ్యూటీ మోడ్ రెండూ ఆపేయండి. మొదటిది చేతికర్రనీ, కిరీటం అంచునీ మసక చేస్తుంది. రెండోది చర్మం నున్నగా చేస్తాననుకుని ఉలి గుర్తుల్ని చెరిపేస్తుంది.

5. లైటు తిప్పండి. ఈ మెట్టుకి అరగంట ఇవ్వండి. మిగతావన్నీ దీనికోసమే.

బొమ్మ గడియారం మధ్యలో ఉందనుకోండి. మీరూ మీ ఫోనూ 6 అంకె దగ్గర ఉన్నారు. పిల్లాడి చేతికి బల్బు ఇచ్చి ముందు మీ పక్కనే నిలబెట్టండి. బొమ్మకి 5 అడుగుల దూరం, బొమ్మ తల కంటే 3 అడుగుల ఎత్తు. చూడండి: నుదురు, ముక్కు, చెంప అన్నీ ఒకటే తెలుపు. ఇప్పుడు అదే దూరంలో మెల్లిగా పక్కకి నడవమనండి. 5 అంకె దగ్గరకి వచ్చేసరికి ముక్కుకి ఒక పక్క అంచు పుడుతుంది. ఇంకో రెండడుగులు నడిస్తే పై కనురెప్ప కింద సన్నటి గీత పడుతుంది, పెదవుల మధ్య చీలిక ముదురుతుంది, చెంప ఎముక కింద పల్లం తేలుతుంది. 4 దాకా వచ్చేసరికి భుజం మీది కండువా మడతలు దేనికది విడిపోతాయి, మెడ కింది ఎముక నీడ కనిపిస్తుంది. అవతలి చెంప చీకట్లోకి పోయినా, ఆ కంటి కింద చిన్న ముక్కోణం మేర వెలుగు మిగిలి ఉంటుంది. అక్కడ ఆగమనండి. 3 దాటి వెనక్కి పోతే ఆ ముక్కోణం ఆరిపోతుంది, సగం ముఖం మాయమవుతుంది.

ఇప్పుడు అదే చోట బల్బు పైకీ కిందకీ కదిపించండి. ముక్కు నీడ పెదవి మూల వైపు వాలాలి, పెదవిని తాకకూడదు. తాకితే బల్బు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు. నీడ అడ్డంగా చెంప మీదికి పోతే బల్బు మరీ కిందకి దిగినట్టు. గడ్డం కంటే కింద నుంచి మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు. ఎంత శాంతమూర్తైనా కింది వెలుగులో ఉగ్రరూపం దాలుస్తాడు. మనం పుట్టినప్పటి నుంచీ పైనుంచి పడే ఎండలోనే ముఖాలు చూస్తున్నాం, అందుకే కింది వెలుగు కంటికి నచ్చదు.

కుడివైపు 4 దగ్గర చూశాక, ఎడమవైపు 8 దగ్గర కూడా చూడండి. మనిషి ముఖంలాగే బొమ్మ ముఖమూ రెండు పక్కలా ఒక్కలా ఉండదు. ఏ పక్క వెలుగు బాగుందో శిల్పినే అడగండి, ఆయన చెయ్యి ఎక్కడ ఎక్కువ తిరిగిందో ఆయనకి తెలుసు.

నిలువెత్తు విగ్రహానికి ఒక జాగ్రత్త. బల్బు దగ్గరుంటే తల మండిపోతుంది, కాళ్ళు చీకట్లో ఉంటాయి. దూరం రెట్టింపు చేస్తే వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది కానీ తలకీ కాళ్ళకీ తేడా తగ్గుతుంది. 6 అడుగుల విగ్రహానికి లైటు 10, 12 అడుగుల దూరంలో పెట్టి, ఫోనుని ఎక్కువసేపు వెలుగు తీసుకోనివ్వండి.

6. నీడ వైపు తర్మాకోల్ పట్టండి. రెండో బల్బు పెట్టాలని చెయ్యి లాగుతుంది, పెట్టొద్దు. రెండు పక్కలా సమానంగా లైటు ఉంటే ముక్కుకి రెండు నీడలు పడి మీసంలా కనిపిస్తాయి. తర్మాకోల్ షీటు నీడ పక్కన నిలువుగా పట్టి, బొమ్మ వైపు మెల్లిగా జరపండి. నీడలో ఉన్న కన్ను కనిపించడం మొదలైన చోట ఆపండి. ఇంకా దగ్గరకి తెస్తే మళ్ళీ అప్పడమే. నీడలు ఇప్పటికే పల్చగా ఉన్నాయనుకుంటే తర్మాకోల్ బదులు నల్ల గుడ్డ పట్టుకోండి, నీడ చిక్కబడుతుంది. తెల్ల సున్నం వేసిన చిన్న గదిలో తీసేవాళ్ళకి దీని అవసరం ఎక్కువ. నాలుగు గోడలూ వెలుగుని తిరగ్గొట్టి నీడల్ని తినేస్తాయి.

7. వెలుగు కొలత సరిచేయండి. ఫోనులో బొమ్మ ముఖం మీద వేలు నొక్కి పట్టుకోండి, ఫోకస్ తాళం పడుతుంది. పక్కన కనిపించే సూర్యుడి బొమ్మని కిందికి లాగి వెలుగు తగ్గించండి, వెలుగు పడిన చెంప మీద మట్టి గరుకు కనిపించేదాకా. కెమెరా ఉన్నవాళ్ళు ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8 లేదా ఎఫ్ 11 పెట్టి, షట్టర్ ఎంత నిదానమైతే అంత నిదానం కానివ్వండి. బొమ్మ కదలదు కదా. ఫోటోలో అడ్డంగా నల్లచారలు వస్తే అది బల్బు మిణుకు. మన కరెంటు సెకనుకి 50 సైకిళ్ళది (50 హెర్ట్జ్) కాబట్టి షట్టర్ సెకనులో 50వ వంతు గానీ 100వ వంతు గానీ పెడితే చాలావరకు పోతుంది. మీట వేలితో నొక్కకుండా 3 సెకన్ల టైమరు వాడండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు. బొమ్మ పక్కన తెల్ల కాగితం పెట్టి, అది తెల్లగా కనిపించేదాకా సరిచేసి అక్కడ ఆపేయండి.

8. బాగొచ్చిందో లేదో పరీక్షించండి. ఫోటో చూసి బాగుందనుకోవడం చాలదు, ఈ నాలుగూ చూడండి. ఫోటోని నలుపు తెలుపుకి మార్చండి, రంగు పోయినా గుండ్రని చోటు గుండ్రంగా, పల్లం పల్లంగా తెలియాలి. బాగా పెద్దది చేసి అతి తెల్లగా ఉన్న చోట చూడండి, అక్కడ కూడా గరుకు కనిపించాలి. ఫోను చేతిని పూర్తిగా చాపి పట్టుకుని చూడండి, బొటనవేలి గోరంత సైజులో కూడా ముఖం గుర్తుపట్టగలగాలి. చివరిగా, బొమ్మను చూడని వాళ్ళకి చూపించి “ఇది దేంతో చేశారు?” అని అడగండి. మట్టినీ రాయినీ కంచునీ వాళ్ళు తప్పు చెబితే మెరుపు ఎక్కడో తేడాగా ఉన్నట్టే.

ఏ బొమ్మకి ఏం మార్చాలి

పై పద్ధతి ఆరిన మట్టికీ, సిమెంటుకీ అలాగే సరిపోతుంది. మిగతావాటికి కొంచెం తేడా ఉంది.

పచ్చిమట్టి మీద నీళ్ళు చల్లగానే తీస్తే ముఖం మీద చెమట పట్టినట్టు తెల్ల చుక్కలు వస్తాయి. తడి గోనె తీశాక పైమెరుపు పోయేదాకా ఓ పావుగంట, ఇరవై నిమిషాలు ఆగండి. మరీ ఆరిపోనివ్వకండి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పాలరాయి లాంటి తెల్ల బొమ్మలకి నీడ ఎంతున్నా సరిపోదు. లైటుని 3 అంకె దాకా తీసుకెళ్ళండి, తర్మాకోల్ తీసేయండి, బూడిద రంగు వెనక పెట్టండి. ఆటోలో ఫోను తెల్ల బొమ్మని మురికిగా చూపిస్తుంది, అందుకని వెలుగు కాస్త పెంచాలి. కానీ తెలుపులో గరుకు చెరిగిపోకుండా చూసుకుంటూ పెంచాలి.

నల్లరాయికి దీనికి తిరగబడి. ఆటోలో ఫోను నలుపుని బూడిదగా మార్చేస్తుంది, వెలుగు తగ్గించి తీయండి. నల్లరాతిలో ఆకారం తెలిసేది నీడల వల్ల కంటే అంచుల మీద మెరిసే గీతల వల్ల. అందుకని బల్బుకి ముందు తెల్ల పంచె కట్టి, లైటు 3కీ 2కీ మధ్యకి, కొంచెం వెనక్కి పంపండి. భుజం అంచు, చెంప అంచు, కిరీటం అంచు వెన్నెల గీతల్లా లేస్తాయి.

కంచూ, కంచు రంగు వేసిన ఫైబరూ అద్దం లాంటివి. వాటి మీద బల్బు వెలుగు పడదు, బల్బే కనిపిస్తుంది. బొమ్మ నుదుటి మీద మండుతున్న చుక్క ఉందంటే అదే. ఇక్కడ బల్బును బొమ్మ వైపు తిప్పకండి, తర్మాకోల్ వైపు తిప్పండి. షీటు మీద పడి తిరిగొచ్చే వెలుగు కంచు మీద పొడుగాటి మెత్తని పట్టీలా పరుచుకుంటుంది. షీటు ఎంత పెద్దదైతే పట్టీ అంత బాగుంటుంది, రెండు షీట్లూ అంటించి ఒకటిగా వాడుకోండి. రెండో పక్క నల్ల గుడ్డ నిలబెట్టండి, బొమ్మ అంచుకి నల్ల గీత వచ్చి ఆకారం విడిగా తెలుస్తుంది. మీరు ముదురు రంగు చొక్కా వేసుకోండి. ఎర్ర చొక్కాతో తీసిన కంచు బొమ్మ పొట్ట మీద ఎర్ర మచ్చ చూసి రంగు పోయిందనుకున్నవాళ్ళని నేను చూశాను.

పోలిక కుదరలేదన్నప్పుడు

ఇది విడిగా చెప్పాలి. మట్టి దశలో ఇంటివాళ్ళు ఫోటో చూసి సరే అంటేనే అచ్చు తీస్తారు. ఆ ఫోటోలో లైటు తప్పితే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను.

ఒక షెడ్డులో ఒక పెద్దాయన బస్టు మట్టిలో పూర్తయింది. ఆయన పిల్లలు దూరాన ఉన్నారు. ఫోటో చూసి “ముఖం నీరసంగా ఉందండీ, మా నాన్నగారిలా లేరు” అన్నారు. శిల్పి తీగ పనిముట్టు తీసుకుని చెంపలు మళ్ళీ దిద్దబోతున్నారు. వాళ్ళకి పంపిన ఫోటో ఏదో చూపించమని నేను అడిగాను. నడినెత్తిన ట్యూబులైటు. కళ్ళు గుంటల్లో ఉన్నాయి, బుగ్గలు పీక్కుపోయాయి. వాళ్ళు నమూనాకి ఇచ్చిన పాత స్టూడియో ఫోటో పక్కన పెట్టి చూశాం. అందులో ముక్కు నీడ ఎడమ పెదవి మూలకి వాలి ఉంది, కంటిపాపలో తెల్లచుక్క పైన కుడివైపు ఉంది. అంటే లైటు కుడి పక్క నుంచి, కొంచెం పైనుంచి. ట్యూబులైటు ఆర్పి, ఎమర్జెన్సీ లైటు అదే చోట పట్టించి, 8 అడుగుల వెనక నుంచి తీసి పంపాం. పది నిమిషాల్లో ఫోను మోగింది. అవతలి వైపు ఆ ఇంటి పెద్దమ్మాయి గారు. మాట రావడానికి కాస్త సమయం పట్టింది ఆవిడకి. తరవాత “నాన్నే” అన్నారు. శిల్పి గారు చేతిలో పనిముట్టు బల్ల మీద పెట్టేసి “ఆయ్, ఇంకొక్క నిమిషమైతే బుగ్గ తీసేసేవాణ్ణండీ” అన్నారు.

కాబట్టి పోలిక కోసం పంపే ఫోటోకి ఈ పని తప్పకుండా చేయండి. నమూనా ఫోటోలో ముక్కు నీడ ఎటు పడిందో చూడండి, లైటు దానికి ఎదురు పక్కన ఉన్నట్టు. కళ్ళలో తెల్లచుక్క ఎక్కడుందో చూస్తే ఎత్తు కూడా తెలుస్తుంది. మీ బల్బు అక్కడే పెట్టండి. తల ఎంత తిరిగి ఉందో బొమ్మను అంతే తిప్పండి. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఒకటిగా పంపండి. వాళ్ళు అప్పుడు కూడా కాదంటే, అప్పుడు మట్టి మీద చెయ్యి వేయొచ్చు.

గుడి గోడల మీది శిల్పాలకి

ఇక్కడ బల్బు సూర్యుడే. ఆయన్ని మనం జరపలేం, ఆయన వచ్చే వేళకి మనం వెళ్ళాలి. మనకొక సౌలభ్యం ఉంది. దేశమంతటికీ గడియారం కట్టిన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ దగ్గర నుంచే పోతుంది. అందుకని మన గడియారంలో 12 అయితే సూర్యుడు కూడా మధ్యాహ్నానికి వచ్చినట్టే, ఏడాది మొత్తం మీద పావుగంట అటూ ఇటూ.

తూర్పు గోడకి 10:30 నుంచి 11:30. పొద్దున్నే వెళితే ఎండ తిన్నగా ముఖం మీద కొడుతుంది, ఫ్లాష్ వేసినట్టే ఉంటుంది. మధ్యాహ్నం దగ్గరపడేకొద్దీ ఎండ గోడని రాసుకుంటూ జారుతుంది. పడమటి గోడకి 12:30 నుంచి 1:30. దక్షిణ గోడకి శీతాకాలం మంచిది, పొద్దున్నా సాయంత్రమూ ఎండ పక్క నుంచి వస్తుంది. ఉత్తర గోడకి శీతాకాలంలో అసలు ఎండ తగలదు. మే, జూన్, జూలై నెలల్లో సూర్యుడు ఈశాన్యంగా ఉదయిస్తాడు, అప్పుడు పొద్దున 6:30 నుంచి 8 దాకా ఉత్తరపు గూళ్ళలోని మూర్తులు చూడాలి. ఏడాదిలో వాటికి బాగా వెలుగొచ్చేది అప్పుడే. వేసవి సెలవుల్లో బిక్కవోలు వెళ్ళేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోండి. అక్కడి తూర్పు చాళుక్యుల కాలపు గుళ్ళలో కొన్ని చేల మధ్యే ఉన్నాయి, ఎండకి అడ్డు తక్కువ.

ద్రాక్షారామంలో వందల శాసనాలున్నాయి. అక్షరాలకి వెలుగు ఇంకా ఏటవాలుగా ఉండాలి, గోడని దాదాపు తాకుతూ. లైటు ఎడమ పై మూల నుంచి వచ్చేట్టు చూసుకోండి. కింద నుంచి వస్తే లోపలికి చెక్కిన అక్షరం పైకి ఉబ్బినట్టు కన్ను మోసపోతుంది. అక్షరాల్లో సుద్ద పూయడం, నీళ్ళు కొట్టడం చేయకండి. వందల ఏళ్ళ నాటి రాత అది, మన ఒక్క ఫోటో కోసం దాని మీద చెయ్యి పెట్టొద్దు.

ఎండ చేరని మండపంలో స్తంభాల శిల్పాలకి ఇంట్లో అద్దం పట్టుకెళ్ళండి. బయట ఎండలో ఒకరు నిలబడి వెలుగుని లోపలికి తిప్పితే చాలు. వెలుగు మరీ కరుకుగా ఉంటే అద్దం వెలుగుని నేరుగా శిల్పం మీద వేయకుండా, పక్కన పట్టిన తెల్ల పంచె మీద వేయండి. ఎవరి కళ్ళలోకీ కొట్టకుండా చూసుకోవాలి.

గర్భాలయంలో ఫోటో తీయకూడదు, లోపలికి వెళ్ళేముందే ఫోను సంచిలో పెట్టేయండి. మండపాల్లోనూ ప్రాకారంలోనూ అర్చకుల్నో సిబ్బందినో అడిగి తీయండి. కేంద్ర పురావస్తు శాఖ కాపాడే గుళ్ళలో స్టాండు నిలబెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అది లేనప్పుడు మోచేతులు పక్కటెముకలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, వరసగా ఐదారు తీసుకుంటే ఒకటి కదలకుండా వస్తుంది.

కొబ్బరితోటలోనూ, ఊరి సెంటరులోనూ

కోనసీమలో అందరికీ ఎదురయ్యే చిక్కు ఇది. తోటలో పెట్టిన తెల్ల విగ్రహం ఫోటోలో పచ్చగా వస్తుంది, పైగా ఆకుల సందుల్లోంచి పడిన ఎండ మచ్చలు చిరుతపులి చర్మంలా ఉంటాయి. ఇద్దరు మనుషులు విగ్రహం పైన తెల్ల దుప్పటి పందిరిలా పట్టుకుంటే మచ్చలు పోతాయి. కాళ్ళ దగ్గర గడ్డి మీద ఇంకో తెల్ల దుప్పటి పరిస్తే కింద నుంచి వచ్చే పచ్చదనం పోతుంది. ఫోటోలో దుప్పట్లు కనపడకుండా వాటిని అంచు బయటే వదిలేసి తీయండి. శీతాకాలం పొద్దున్నే పొగమంచు ఉంటే దుప్పట్లతో పనిలేదు. మంచులోంచి తేలే సూర్యుడు తెల్ల పంచె కట్టిన బల్బులాగే వెలుగుతాడు. విగ్రహానికి ఎండ పక్క నుంచి తగిలేలా నిలబడితే చాలు. అరగంటలో అయిపోతుంది కాబట్టి ముందు రోజే చోటు చూసి పెట్టుకోండి.

ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా మన గాలి తగలగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడవకుండా సంచిలోనే అరగంట ఉంచండి.

సెంటర్లలో గుర్రం మీది కాటన్ దొర గానీ, అంబేద్కర్ గారు గానీ, ఎత్తైన దిమ్మె మీద ఉంటారు. కింద నుంచి తీస్తే వెనకంతా ఆకాశం, ముఖం నల్లగా మాడిపోతుంది. సూర్యుడు మీ భుజం వెనకగా, ఒక పక్కకి ఉండే వేళ చూసుకోండి. అప్పుడు వెనక ఆకాశం ముదురు నీలంగా కూడా ఉంటుంది. దూరంగా వెళ్ళి, వీలైతే ఎదురు మేడ మొదటి అంతస్తు నుంచి జూమ్‌లో తీయండి. ముఖం ముఖంలా వస్తుంది, కరెంటు తీగలు కూడా కొన్ని తప్పుకుంటాయి. వేసిన పూలదండలు మెడనీ ఛాతీనీ కప్పేస్తాయి కాబట్టి జయంతికి ముందు రోజు తీసుకోవడం మేలు.

పంపేటప్పుడు

ముందు, రెండు పక్కలు, వెనక, ముఖం దగ్గరగా, చేతులు దగ్గరగా తీయండి. ప్రతిదానికీ లైటు మళ్ళీ చూసుకోవాలి, ఒక పక్కకి కుదిరిన లైటు ఇంకో పక్కకి కుదరదు. ఒక ఫోటోలో బొమ్మ పక్కన స్కేలు గానీ టేపు గానీ పెట్టండి, సైజు విషయంలో మాట తేడా రాదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోయి ఉలి గుర్తులు అలికినట్టవుతాయి, డాక్యుమెంటుగా పంపండి.

పచ్చిమట్టి బొమ్మైతే, ఫోటో పంపే హడావుడిలో దాన్ని అలాగే వదిలేయకండి. ముందు తడి గోనె కప్పి, దాని మీద ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆ తరవాత ఫోను తీయండి.